సగం ఉంగరపు వేలు

ఆ ఊళ్ళో డాక్టర్ల మీద అందరికీ గురి ఉండేది, ఒక్క డిసెక్షన్ మేడమ్‌కి తప్ప. ఇందులో ఆవిడ దుర్బుద్ధి ఏమీ లేదు, తప్పంతా ఉద్యోగానిది. ఊళ్ళో మెడలో స్టెతస్కోపు వేసుకుని తిరిగే ప్రతివాడూ ఒకప్పుడు మెడికల్ కాలేజీ మొదటి సంవత్సరంలో ఆవిడ ముందు నిలబడి, శవం మీద చెయ్యి వెయ్యమంటే గోడకేసి చూసినవాడే. పెద్ద రోడ్డు మీద మూడంతస్తుల ఆస్పత్రి కట్టిన గుండె డాక్టరు, గుండె ఏ పక్కన ఉంటుందని అడిగితే "ఎవరి పక్కన మేడమ్?" అని తిరిగి అడిగిన మహానుభావుడు. కిడ్నీల దిట్ట అని పేరు మోసినాయన, ప్లీహాన్ని అరచేతిలో పెట్టుకుని అది కిడ్నీయేనని కళ్ళనీళ్ళతో వాదించిన ఘనుడు. జనం వాళ్ళని తెల్లకోట్లలో చూస్తారు. ఆవిడ పద్దెనిమిదేళ్ళ వయసులో చూసింది. అందుకని జ్వరమొస్తే ఇంట్లోనే పడుకునేది. పన్ను నొప్పికి మాత్రం నిర్భయంగా వెళ్ళేది. పళ్ళ డాక్టర్లది వేరే కాలేజీ.

ఆవిడ ఆ కాలేజీలో అనాటమీ ట్యూటరు. చేరినప్పుడూ ట్యూటరే, ఇప్పుడూ ట్యూటరే. ఆవిడ దగ్గర కత్తి పట్టడం నేర్చుకున్నవాళ్ళు ప్రొఫెసర్లయ్యారు, హెడ్లయ్యారు, కొందరు ప్రిన్సిపాళ్ళై గోడ మీద ఫొటోలు కూడా అయ్యారు. ఆవిడ మాత్రం శరీరశాస్త్రమనే మహాసౌధానికి ద్వారపాలకురాలిగా డిసెక్షన్ హాలు గుమ్మం దగ్గరే ఉండిపోయింది. దీని గురించి ఆవిడకి బాధ ఉందా అని అడిగినవాళ్ళకి, "హాల్లో పని ఉంది, తరవాత చెప్తాను" అనేది. తరవాత ఎప్పుడూ చెప్పలేదు.

ఆవిడ ఆస్తంతా చేతుల్లో ఉండేది. చెయ్యి తిరిగిన మనిషి అంటారే, అలాంటిది. చర్మం కింద కొవ్వు, కొవ్వు కింద పొర, పొర కింద నరం, ఒకదాన్నించి ఒకదాన్ని నిద్ర చెడకుండా పసిపిల్ల చొక్కా విప్పినట్టు విప్పేది. దేన్నీ తెంపేది కాదు. ఇంట్లో ఆవిడ భర్త, రిటైరైన భూగోళం మాస్టారు, ఎవరైనా వస్తే చెప్పేవాడు: "మా ఆవిడకి మనుషులంటే ప్రాణం. కాకపోతే వాళ్ళు కదలకూడదు."

కాలేజీలన్నీ మూతపడి పిల్లలు ఇళ్ళల్లో కూర్చున్న రోజుల్లో హెడ్డుగారు ఒక కెమెరా తెచ్చి, స్టాండు వేసి, మేడమ్ కుడి భుజం మీదుగా టేబుల్ మీదికి వంచాడు. హెడ్డుగారు కూడా ఒకప్పుడు ఆవిడ శిష్యుడే; ఏ ప్రశ్నకి ఏ జవాబు చెప్పాడో ఇద్దరూ మరిచిపోయినట్టు నటిస్తూ మర్యాదగా బతుకుతున్నారు. ఆవిడ శరీరమంతటినీ తల నుంచి మడమ దాకా వీడియోలకెక్కించింది. మొహం కనిపించదు. చేతులూ గొంతూ, అంతే. ఆ చేతులకి కెమెరా అంటే బెదురు లేదు. ఆవిడ చెప్పే ప్రతి మాటకీ అవే తలాడిస్తున్నట్టుండేది.

తరవాత కాలేజీలు తెరిచారు. కెమెరా రుచి మరిగిన హెడ్డుగారు దాన్ని అటక ఎక్కించడానికి ఒప్పుకోలేదు. సగం ఇంట్లో, సగం హాల్లో అని కొత్త పద్ధతి పెట్టి, దానికో బరువైన పేరు పెట్టి, గుమ్మం మీద రాయించాడు. పిల్లలు ముందు ఇంట్లో వీడియో చూడాలి, తరవాత హాలుకొచ్చి చేతులతో చెయ్యాలి. శాస్త్రానికి ఇవి రెండు కళ్ళ వంటివని సభలో చెప్పాడు. ఆ రెండు కళ్ళూ ఒకే పక్కకి చూస్తాయని ఆయనకి తెలీదు.

హాలు తెరిచిన మొదటి వారంలోనే మేడమ్ గమనించింది. పిల్లలు టేబుల్‌కి ఒకే పక్కన నిలబడుతున్నారు. కుడి పక్కన ఒకరి మీద ఒకరు పడి, బావి దగ్గర బిందెల్లాగా. ఎడమ పక్కన గాలీ వెలుతురూ తప్ప పురుగు లేదు.

"అటు పక్క ఖాళీగా ఉంది కదర్రా. ఎవరైనా శాపం పెట్టారా?"

"అటునించి తెలీదు మేడమ్," అన్నాడొక కుర్రాడు. "అన్నీ తిరగబడిపోతాయి."

కెమెరా ఎక్కడ నిలబడిందో వాళ్ళూ అక్కడే నిలబడ్డారు. వీడియోలో కుడి చెయ్యే ఉంది కాబట్టి కుడి చేతిలో నరాలన్నీ వాళ్ళకి కంఠతా వచ్చు. మనిషికి ఎడమ చెయ్యి కూడా ఉంటుందనే వార్త వాళ్ళ దాకా రాలేదు. టేబుల్ మీద పడుకున్న పెద్దాయన్ని, తన దేహాన్ని తనే కాలేజీకి రాసిచ్చిపోయినాయన్ని, పిల్లలు తాతగారనేవాళ్ళు. ఒకరోజు ఇద్దరు పిల్లలు "తాతగారి తల అటు తిప్పితే వీడియోలోలాగా వస్తుందేమో" అని టేబుల్‌ని నెట్టబోయారు. తాతగారు అభ్యంతరం చెప్పలేదు. మేడమే చెప్పింది.

ఆ క్లాసు లీడరు ఒక సన్నటి అమ్మాయి. పేరు ఒకటిన్నర. వీడియోలన్నీ ఒకటిన్నర వేగంతో చూసి చూసి, మాట కూడా ఆ వేగానికే వచ్చేసింది. "గుడ్మార్నింగ్‌మేడమ్‌ఈరోజుమోచెయ్యా" అని ఒకే పదంగా అనేది. ఆ అమ్మాయికి మేడమ్ అసలు గొంతు వింటే అనుమానం. "మీరు ఒంట్లో బాగోలేనట్టు మాట్లాడతారేంటి మేడమ్?" అని ఒకసారి అడగనే అడిగింది.

ఒంట్లో బాగోలేని మాట నిజమే. ఆ సంగతి ఒకటిన్నరకి తెలీదు.

మొదలైంది కోటు బొత్తాల దగ్గర. ఒక ఉదయం బొత్తం పట్టుకుంది, వేళ్ళ మధ్య బొత్తం ఉందో లేదో తెలియలేదు. కళ్ళతో చూస్తే ఉంది. తరవాత కాఫీ కప్పు. తరవాత తాళంచెవి. పొద్దున్న లేవగానే కుడి చెయ్యి తిమ్మిరెక్కి ఉంటే జ్వరం చూసే గాజుగొట్టాన్ని విదిలించినట్టు విదిలించేది. కొన్ని వారాలకి విదిలించినా ఏమీ దిగడం మానేసింది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు మొద్దుబారాయి. ఉంగరపు వేలు సగం మొద్దుబారింది, సగం బారలేదు. చిటికెన వేలు సుఖంగా ఉంది.

రోగమేమిటో ఆవిడకి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. మణికట్టులో అడ్డంగా ఒక గట్టి పట్టీ ఉంటుంది. దాని కింద ఇరుకు సందులోంచి మీడియన్ నర్వ్ అనే నరం అరచేతిలోకి పోతుంది. పట్టీ బిగిస్తే నరం నలుగుతుంది. ఆ నరం ఏలుబడిలో ఉన్నది సరిగ్గా మూడున్నర వేళ్ళు. ఉంగరపు వేలు మధ్యలో, ఇద్దరన్నదమ్ములు పంచుకున్న ఇంట్లో గోడలాగా, ఒక గీత. ఇటు పక్క ఈ నరానిది, అటు పక్క వేరేదానిది. ప్రతి ఏడాదీ ఆ గీత పిల్లల వేళ్ళ మీద పెన్నుతో గీసి చూపించేది. ఇప్పుడు తన వేలి మీద పెన్ను లేకుండానే తెలుస్తోంది.

ఇలాంటప్పుడు బాధపడాలని ఆవిడకి తెలుసు. కాసేపు కూర్చుని ఎదురుచూసింది. బాధ రాలేదు. బస్టాపులో ఎక్కవలసిన బస్సు ఆగకుండా పోతే ఎలా చూస్తామో అలా తన చేతిని చూసింది.

ఒక సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని మణికట్టు వీడియో పెట్టుకుంది. తెర మీద ఆ చేతులు పట్టీని తప్పించి నరాన్ని బయటికి తీస్తున్నాయి. భర్త వెనక నిలబడి చూశాడు.

"చెయ్యి బ్రహ్మాండంగా ఉందోయ్. ఎవరిది?"

"నాదేనండి. అప్పటిది."

"ఇప్పటిది ఏమైంది?"

ఆవిడ కుడి చెయ్యి తెర పక్కన పెట్టింది. తెర మీది చేతికి బొటనవేలి మొదట్లో గుండ్రంగా కండ ఉంది. ఈ చేతికి అక్కడ చదునైపోయింది. భూగోళం మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"కొండ పోయి మైదానం వచ్చింది," అన్నాడు. "డాక్టరు దగ్గరికి వెళ్ళాలి."

"ఏ డాక్టరు దగ్గరికి?"

ఆయనకీ తెలుసు, ఇంట్లో ఇది చిక్కు ప్రశ్న. ఊళ్ళో చేతులకి ఆపరేషన్ చేసేవాడు ఒక్కడే ఉన్నాడు. వాడి పేరు కత్తెర. ఊరికి కాదు, అనాటమీ డిపార్ట్‌మెంటుకి. ఇరవై ఏళ్ళ కిందట మొదటి సంవత్సరంలో మణికట్టు శుభ్రం చెయ్యమని మొద్దు మొన ఫోర్సెప్స్ ఇచ్చి ఆవిడ పక్క టేబుల్‌కి వెళ్ళివచ్చేసరికి, ఆ పిల్లాడు కత్తెర పట్టుకుని, వెలిగిపోతున్న మొహంతో, "మేడమ్, ఏదో దారం అడ్డొస్తే తీసేశానండి" అన్నాడు. వాడి చేతిలో మీడియన్ నర్వ్ ముక్క ఉంది. ఆవిడ ఆ ముక్కని చూసి, పిల్లాణ్ణి చూసి, "నాయనా, నువ్వు చర్మవ్యాధుల్లో చేరు, లోపలికి మాత్రం దిగకు" అంది. వాడు ఆ సలహాని బుద్ధిగా విని, నేరుగా చేతుల ఆపరేషన్లలోకి దిగాడు.

"పోనీ పక్క ఊరు వెళ్దాం."

"పక్క ఊళ్ళో ఉన్నవాళ్ళూ నా వాళ్ళేనండి. ఇక్కడ మరీ కుదరనివాళ్ళు అక్కడికి వెళ్ళారు."

ఆ సంభాషణ అక్కడితో ఆగింది. మంత్రసాని దగ్గర మర్మం దాచినట్టు, కాలేజీ నిండా డాక్టర్లను పెట్టుకుని ఆవిడ చెయ్యి దాచుకుంది. దాచడానికి వీలు కూడా దొరికింది. టేబుల్‌కి ఎడమ పక్కన ఎవరూ నిలబడరు కాబట్టి ఆవిడ అక్కడ నిలబడేది. కత్తి ముట్టుకునేది కాదు. "మీరే చెయ్యండమ్మా, నేను చూస్తాను," అనేది. ఇది హెడ్డుగారి కంట పడింది. విద్యార్థే కేంద్రంగా బోధించే సరికొత్త విధానమని ఆయన మురిసిపోయి, మిగతా ట్యూటర్లు కూడా మేడమ్‌ని చూసి చేతులు వెనక్కి పెట్టుకోవాలని చెప్పాడు. వారం తిరిగేసరికి డిపార్ట్‌మెంటు మొత్తం చేతులు కట్టుకుని నిలబడింది.

పిల్లలు మాత్రం మరో సిద్ధాంతానికి వచ్చారు. వీడియోలో చేతులు మేడమ్‌వి కావు. సినిమాల్లో పోట్లాటలకి డూపు ఉన్నట్టు, మేడమ్‌కి చేతుల డూపు ఉంది.

ఈ పరిస్థితుల్లో కాలేజీ పెద్దలు ముగ్గురికి ఒక ఆలోచన వచ్చింది. వీడియోలు ఇంత బాగున్నప్పుడు ఇంత పెద్ద హాలు దేనికి? అందులో కంప్యూటర్లు పెట్టించి, తాతగారిని మూలగదికి మార్చి, వారానికి ఒక్కసారి దర్శనం ఏర్పాటు చేస్తే చాలదా? అయితే పిల్లల అభిప్రాయం తీసుకోకుండా ఏమీ చెయ్యకూడదని కూడా వాళ్ళకే అనిపించింది. హాలు పోతే మేడమ్‌ని ఏం చేస్తారని హెడ్డుగారు అడిగాడు. వీడియోల ఇన్‌ఛార్జిగా ఒక కుర్చీ వేస్తామన్నారు. ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా నిలబడే పని చేసింది.

సభ లెక్చర్ హాల్లో జరిగింది. ముగ్గురు పెద్దలు ముందు కూర్చున్నారు. మేడమ్ మొదటి వరస చివర కూర్చుని, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద ఎడమ చెయ్యి పెట్టుకుంది.

మొదట ఒక బొద్దు కుర్రాడు లేచాడు. "వీడియో చాలా బావుందండి. ఆపచ్చు, వెనక్కి తిప్పచ్చు, మధ్యలో టీ తాగి రావచ్చు. మేడమ్‌ని వెనక్కి తిప్పితే తిడతారండి."

"వీడియోలో నరానికి పసుపు రంగు, ధమనికి ఎరుపు రంగు వేసిపెట్టారండి," అంది ఒక పొడుగాటి అమ్మాయి. "తాతగారి దగ్గరికొస్తే అన్నీ టీ రంగే. రంగుల్లేకపోతే మాకు తెలీదండి."

"రేపు పేషెంట్లు కూడా రంగులేసుకుని రారు కదమ్మా," అన్నాడు ఒక పెద్దాయన.

"అదే భయమండి."

వెనక నుంచి ఇంకొకడు లేచాడు. "హాలు ఉండాలండి. వీడియో చూస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. హాల్లోకొస్తే ఏమీ అర్థం కాలేదని అర్థమవుతుంది."

"అది మంచిదా, చెడ్డదా?"

"పరీక్షకి ముందైతే మంచిదేనండి."

"మా నాన్న వెనకనించి వీడియో చూసి రెండు రోజులు భోజనం మానేశారండి," అన్నాడు అతని పక్కవాడు. "హాలు ఉంటేనే మా ఇంటికి మంచిది."

అందరూ నవ్వారు. అప్పుడు ఒకటిన్నర లేచింది. పెద్దలు ముగ్గురూ ముందుకు వంగారు, వేగం అందుకోవడానికి.

"రెండూ కావాలండి. కానీ రెండూ ఒకటి కావాలి. వీడియోలో చేతులు అన్నీ చేస్తాయి, హాల్లో చేతులు ఏమీ చెయ్యవు. ఈ సంవత్సరం మేడమ్ కత్తి ముట్టుకోలేదండి. మేమెలా పట్టుకున్నా బావుందనే అంటున్నారు. బావుండట్లేదని మాకే తెలుస్తోంది. వీడియోలో చేతులు వేరేవాళ్ళవని కొందరంటున్నారు, నేననట్లేదు, అంటున్నారు. ఆ చేతులు హాలుకొస్తే హాలు ఉంచండి. రాకపోతే వీడియో చాలు, ఎండలో ఇంత దూరం ఎందుకండి?"

హెడ్డుగారికి పౌరుషం వచ్చింది. పౌరుషం ఆయనకి ఎప్పుడూ ఇతరుల తరఫునే వస్తుంది. "ఎల్లుండి ఉదయం మేడమ్ స్వయంగా మణికట్టు విప్పి చూపిస్తారు," అని ప్రకటించాడు. "మీ కళ్ళతో చూసుకోండి."

"మంచిది," అన్నారు పెద్దలు. "అది చూసే హాలు సంగతి తేలుద్దాం."

అందరూ మేడమ్ వైపు తిరిగారు. ఆవిడ "సరే" అంది. ఆ మాట ఎవరో టైము అడిగితే గడియారం చూసి చెప్పినట్టు వచ్చింది.

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది.

"బాగోలేదని చెప్పెయ్యచ్చు కదా."

"చేతుల మేడమ్‌కి చెయ్యి బాగోలేదంటే, ఇంక మేడమ్ ఎందుకండి?"

"మేడమ్ సంగతి వాళ్ళు చూసుకుంటారు. నాకు మా ఆవిడ కావాలి. ఆ చేత్తో నిన్న పొయ్యి మీద గిన్నె పట్టుకున్నావు, కాలిన సంగతి నేను చెప్పేదాకా నీకు తెలీదు."

ఆవిడ చూపుడు వేలి మీద పొక్కు చూసుకుంది. అది చక్కగా, గుండ్రంగా, పాఠానికి పనికొచ్చేలా ఉంది.

ఎల్లుండి ఉదయం హాల్లో కిటికీలన్నీ తెరిచారు. ఫార్మలిన్ వాసనకి పెద్దలు ముగ్గురూ రుమాళ్ళు ముక్కుకి పెట్టుకుని, ద్వారం దగ్గరే నిలబడి పర్యవేక్షించారు. పిల్లలు మామూలుగా కుడి పక్కన కిక్కిరిశారు. మేడమ్ ఎడమ పక్కకి వెళ్ళి తాతగారి ఎడమ చేతిని పలక మీద పరిచింది.

"వీడియోలో కుడి చెయ్యి చూశారు. ఇవాళ ఎడమ చెయ్యి చూడండి," అంది. ఎంతో విద్వత్తుతో అన్నట్టుగానే ఉంది. మధ్యలో తాతగారి పొట్ట అడ్డం ఉండడం వల్ల వాళ్ళకి ఆవిడ వేళ్ళు సరిగా కనపడవనేది అందులో దాగిన విషయం.

చర్మం మీద గాటు బాగానే పడింది. అది కళ్ళతో చేసే పని. చర్మం వెనక్కి మడిచింది, కొవ్వు తీసింది. పిల్లలు మెడలు సాచారు. ఒకటిన్నర కాసేపు మునివేళ్ళ మీద నిలబడి చూసి, ఏమీ కనపడక విసుగొచ్చి, టేబుల్ చుట్టూ తిరిగి ఎడమ పక్కకొచ్చింది. ఆ ఏడాదిలో ఆ పక్కకి వచ్చిన మొదటి విద్యార్థి. మేడమ్ మోచేతి దగ్గర నిలబడింది. మేడమ్ పొమ్మనలేదు. పొమ్మనడానికి కారణం ఏం చెప్పాలో తోచలేదు.

పట్టీ బయటపడింది, తెల్లగా, గట్టిగా. దాన్ని కొయ్యడం కంటితో చేసే పని కాదు. పట్టీ ఎక్కడ అయిపోతుందో కత్తి మొన చెప్పాలి, చెప్పింది వేళ్ళు వినాలి. అన్నేళ్ళూ విన్నాయి. ఆవిడ కత్తి దింపింది. వేళ్ళ దగ్గర నుంచి ఏ కబురూ రాలేదు. ఇంకొంచెం దింపింది. కత్తి చాలా సులువుగా వెళ్ళింది.

"మేడమ్," అంది ఒకటిన్నర మెల్లిగా. "వీడియోలో ఇక్కడ ఆగుతారు."

ఆవిడ ఫోర్సెప్స్‌తో పట్టీ అంచులు విడదీసి చూసింది. కింద మీడియన్ నర్వ్ రెండు ముక్కలై ఉంది. శుభ్రమైన కోత. ఇరవై ఏళ్ళ కిందట కత్తెర కోసింది కూడా ఇలాగే ఉంది.

అవతలి పక్కన ఎవరికీ ఏమీ తెలియలేదు. పెద్దలు రుమాళ్ళ వెనక నుంచి మెచ్చుకోలుగా తలలూపుతున్నారు. చర్మం మీద మూసేసి, "ఇదీ సంగతి" అంటే అయిపోతుంది. హాలు ఉంటుంది. ఒకటిన్నర ఆవిడ మొహంకేసి చూస్తోంది.

ఆవిడ కత్తి పళ్ళెంలో పెట్టింది.

"అందరూ ఇటు రండి. అక్కణ్ణించి కనపడదు. ఇది మీడియన్ నర్వ్. నేను కోసేశాను. కొయ్యకూడదు."

పిల్లలు ఒక్కొక్కరే ఇటు పక్కకి వచ్చారు, కొత్త ఇంట్లో అడుగు పెట్టినట్టు.

"తాతగారు బతికుంటే ఇప్పుడు ఏ వేళ్ళకి స్పర్శ పోతుంది?"

"మూడున్నర," అన్నారందరూ. వీడియోలో ఉంది అది.

"ఎలా తెలుస్తుంది?"

ఆవిడ చేతొడుగు తీసేసి, కుడి చెయ్యి ఒకటిన్నర ముందు చాపింది. "దూదితో ముట్టుకో. నేను కళ్ళు మూసుకుంటాను. ఎక్కడ ముట్టుకున్నావో నేను చెప్పాలి."

అమ్మాయి దూది పోగు తీసుకుంది.

"తెలుస్తోందా మేడమ్?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు. ఏ వేలు?"

"మధ్యవేలు మేడమ్. ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు?"

"ఆ. ఉంగరపు వేలు. చిటికెన వేలి పక్క."

"దానికి ఇటు పక్క ఇందాకే ముట్టుకున్నాను మేడమ్," అంది ఒకటిన్నర. మొదటిసారి ఆ అమ్మాయి మాటలు విడివిడిగా వచ్చాయి. "ఇది ఎప్పణ్ణించి?"

"మీరు చేరకముందు నుంచి."

"అయితే వీడియోలో చేతులు..."

"నావే. అప్పటివి."

బొద్దు కుర్రాడు వెనక నుంచి, "మేడమ్, దీనికి ఆపరేషన్ ఉంటుంది కదా," అన్నాడు. ఎవరు చేస్తారో అతనే చెప్పాడు కూడా. కత్తెర పేరు వినగానే మేడమ్ కళ్ళు తెరిచింది.

హెడ్డుగారు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "మేడమ్, వెళ్ళండి. వాడు మునుపటి వాడు కాదు," అన్నాడు. ఆ మాట ఆయన తన గురించి కూడా చెప్పుకుంటున్నట్టుగా ఉంది.

ఆస్పత్రిలో, ఆవిడ గదిలోకి రాగానే కత్తెర లేచి నిలబడ్డాడు. జుట్టు చెవుల దగ్గర నెరిసింది. ఆవిడ కూర్చోమనేదాకా తన కుర్చీలోనే కూర్చోలేదు. వెంట వచ్చిన భూగోళం మాస్టారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మూల కూర్చున్నాడు.

"మీరు వస్తారనుకోలేదు మేడమ్."

"నేనూ అనుకోలేదు నాయనా."

వాడు చెయ్యి చూశాడు. కండ పోయిన చోట బొటనవేలితో నొక్కి చూశాడు. "ఆలస్యం చేశారు," అన్నాడు.

"ఆ నరం ఎక్కడుంటుందో తెలుసా?"

"తెలుసు మేడమ్. కత్తెర ఎక్కడ పెట్టకూడదో, అక్కడ."

"ఎవరిదైనా తెగిందా నీ చేతిలో?"

"ఒక్కరిదే మేడమ్. మీ టేబుల్ మీద."

"నిన్న నా చేతిలో కూడా తెగింది," అంది. "తాతగారిదే."

కత్తెర నవ్వలేదు. నవ్వి ఉంటే ఆవిడ లేచి వచ్చేసేది. వాడు రోజు చెప్పాడు, ఆవిడ సరేనంది.

ఆపరేషన్ రోజున చేతికి మత్తిచ్చారు. మూడున్నర వేళ్ళతో బాటు మిగిలిన ఒకటిన్నర వేళ్ళు కూడా పోయాయి. ఆవిడకి పెద్ద తేడా తెలియలేదు. మధ్యలో ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. గుడ్డకి అటు పక్క తన చెయ్యి ఉందని నమ్మకం మీద తెలుసుకోవాలి.

"చర్మం అయిందా?"

"అయింది మేడమ్."

"పట్టీ కనపడుతోందా? చిటికెన వేలి పక్కకి జరిగి కొయ్యి. బొటనవేలి పక్కకి పోకు. అక్కడ చిన్న కొమ్మ ఉంటుంది, అది..."

"మేడమ్," అన్నాడు కత్తెర గుడ్డ వెనక నుంచి. "వైవా తరవాత. కదలకండి."

మనుషులంటే ప్రాణమే, కాకపోతే కదలకూడదు. మూల కూర్చోవడానికి అనుమతి లేక బయట కూర్చున్న భర్త ఈ మాట విని ఉంటే ఏమనేవాడో ఆవిడకి తెలుసు. ఆవిడ పైకప్పు చూస్తూ పడుకుంది. కాసేపటికి వాడు గుడ్డ కొంచెం దించాడు. "చూస్తారా?"

తెరిచిన మణికట్టులో నరం పడుకుని ఉంది. నలిగిన చోట చదునుగా, పైన ఉబ్బి. దానికి పసుపు రంగు ఎవరూ వెయ్యలేదు. ముక్కలవకుండా, ఒకటిగా ఉంది.

"సరే," అంది ఆవిడ. "మూసెయ్."

కాలేజీ పెద్దలు నిర్ణయం చెప్పడానికి మరో సభ పెట్టారు. హాలూ ఉండాలి, వీడియోలూ ఉండాలి అన్నారు, ఎంతో మథనపడినట్టు. కంప్యూటర్లు మూలగదిలోకి వెళ్ళాయి. హాలు ఎందుకు ఉంచారని ఒకటిన్నర హెడ్డుగారిని అడిగితే, పిల్లల అభిప్రాయాలను గౌరవించి అన్నాడు. రుమాళ్ళ వెనక నుంచి ఆ పెద్దలకి నరం తెగిన సంగతి బోధపడిందో లేదో ఎవరికీ తెలీదు. తాతగారి అభిప్రాయం ఎవరూ అడగలేదు. మణికట్టు వీడియో చివర మేడమ్ ఒక ముక్క చేర్పించింది: ఎడమ చెయ్యి, తెగిన నరం, కింద తన గొంతు. "ఇక్కడ ఆగాలి. నేను ఆగలేదు."

ఇప్పుడు హాల్లో పిల్లలు టేబుల్‌కి రెండు పక్కలా నిలబడుతున్నారు. కత్తి ఒకటిన్నర పట్టుకుంటుంది. మేడమ్ పక్కన నిలబడి "ఆగు" అంటుంది. అమ్మాయి ఆగుతుంది. ఆవిడ కత్తి ముట్టుకోవడం లేదు. మళ్ళీ ముట్టుకుంటుందా అని ఎవరూ అడగడం లేదు, అడగకూడదని కాదు, జవాబు ఆవిడకీ తెలీదు కాబట్టి. నరం నలిగి చాలాకాలమైంది, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, నెలలు పడుతుంది అన్నాడు కత్తెర. పాఠంలో ఉన్నదాని కంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. ఆవిడకి వాడి మీద కొంచెం గురి కలిగింది.

రోజూ ఉదయం కాఫీ తాగాక భర్త ఆవిడ చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుని, దూది పోగు తీసుకుంటాడు. భూగోళం మాస్టారు కాబట్టి పద్ధతిగా, దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తాడు. ఆవిడ కళ్ళు మూసుకుంటుంది.

"ఇక్కడ?"

"లేదండి."

"ఇక్కడ?"

"లేదు."

బయట పాలవాడి సైకిలు వెళ్ళింది. ఆయన దూది మార్చడానికి ఆగాడు.

"ఆ," అంది ఆవిడ. "చూపుడు వేలు."

"ఇంకా ముట్టుకోలేదోయ్."

ఆవిడ కళ్ళు తెరవలేదు.

"అయితే ముట్టుకోండి."